రాయని రెండు నొక్కులు

“మా వాడు ఒక్కసారి చెప్పి ఊరుకునే రకం కాదమ్మా. రెండోసారి ఎందుకు చెప్పలేదో మీకు తెలుసా, తెలీదా?”

అడిగినావిడ కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతుంది. అడిగించుకున్నావిడ వైమానిక స్థావరంలో టైపిస్టు. పైలట్లు గాలిలో ఉండగా రేడియోలో మాట్లాడుకున్న మాటల టేపులు విని కాగితం మీదికి ఎక్కించడం ఆమె ఉద్యోగం. ఇద్దరి మధ్య ఒక ఇనుప బల్ల, దాని మీద పదకొండు పేజీల నకలు. అది టైపిస్టు కొట్టిందే. అందులో మాట్లాడి, ఆ తర్వాత పావుగంటకు చనిపోయిన పైలట్ దుకాణం ఆవిడ తమ్ముడు. అమ్మానాన్నా లేని పిల్లాణ్ణి తనే పెంచి, దుకాణం తాకట్టు పెట్టి చదివించుకుంది.

“టేపులో ఏముంటే అది కొట్టానండీ. అంతకు మించి నాకు తెలీదు,” అంది టైపిస్టు.

ఆ మాట అన్నప్పుడు నిజమే చెబుతున్నానని ఆమె అనుకుంది. దుకాణం ఆవిడ నకలు మడిచి సంచిలో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

“ఇందులో గొడుగు అని ఒకడున్నాడు, మేస్త్రి అని ఒకడున్నాడు. మా వాడు ఎవరు?”

“గొడుగమ్మా.”

“గొడుగా? ఎందుకూ?”

పైలట్లకు రేడియోలో ఒక మారుపేరు ఉంటుంది. దాన్ని ఎవరికి వారు పెట్టుకోరు. తోటివాళ్ళు పెడతారు, అదీ ఏదో తెలివితక్కువ పని చేసినప్పుడు. వద్దని గింజుకున్నకొద్దీ అది మరింత అంటుకుంటుంది. ఈ కుర్రాడు స్థావరానికి వచ్చిన మొదటి రోజు వాన. హెల్మెట్ పెట్టుకుని, దాని మీద గొడుగు పట్టుకుని విమానం దాకా నడిచాడు. సాయంత్రానికి పేరు ఖాయమైంది. ఇదంతా విని అక్క నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. “అది నేను కొనిచ్చిన గొడుగే,” అని వెళ్ళిపోయింది.

టైపిస్టుకూ మారుపేరు లేకపోలేదు. చెవులమ్మ. ఇరవై రెండేళ్ళ సర్వీసు. గోడలకు మెత్తలు కొట్టిన గది, రెండు తలుపులు, టేపును వెనక్కి తిప్పడానికి కాలికింద ఒక పెడల్, చెవులకు హెడ్‌ఫోన్లు. ఎవరి గొంతు ఎవరిదో, ఎవరికి జలుబు చేసిందో, ఎవరు రాత్రి నిద్రపోలేదో ఆమె చెప్పగలదు. అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే ఆమె భర్తకు ఇదొక ఫిర్యాదు: “ఆకాశంలో పదిమైళ్ళ అవతల వాడు దగ్గితే నీకు వినపడుతుంది. పక్కగదిలో మొగుడు మంచినీళ్ళడిగితే వినపడదు.”

చేరిన కొత్తలో ఆమె ఇంటికొచ్చి కొన్ని మాటలు చెబితే ఆయన, “అక్కడ విమానాలు నడుపుతున్నారా, పేకాడుతున్నారా?” అన్నాడు. జోకర్ అంటే ఇంధనం తగ్గుతోంది, పని ముగించుకునే వేళయింది అని. బింగో అంటే ఇంటికి చేరడానికి సరిపడా మాత్రమే మిగిలింది, ఇక మళ్ళాలి అని. బ్లైండ్ అంటే మన జతగాడు నాకు కనపడటం లేదు అని. గాలిలో మాట ఖరీదైనది. ఒకడు బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపు ఇంకొకడికి దారి ఉండదు. అందుకే ఎంత పెద్ద సంగతికైనా ఒక్క మాట.

ఆ ఒక్క మాట కూడా దండగ అనుకున్నప్పుడు పైలట్లు ఇంకో పని చేస్తారు. బొటనవేలి కింద ఉన్న రేడియో బటన్‌ను, నోరు తెరవకుండానే, రెండుసార్లు నొక్కుతారు. అవతలివాడి చెవిలో టక్ టక్ అని పడుతుంది. విన్నాను, సరే అని దానర్థం. ఏ పుస్తకంలోనూ లేదు, అందరూ చేస్తారు. ఎంత తక్కువ మాట్లాడితే అంత మొనగాడనే పిచ్చి ఒకటి ఈ వృత్తిలో ఉంది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం చెవులమ్మ ఆ చప్పుళ్ళనూ టైపు చేసింది. అప్పటి సెక్షన్ ఆఫీసర్ ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాడు. “నీ పని మాటలు. తుమ్ములూ దగ్గులూ టకటకలూ కాదు,” అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆమె కొట్టలేదు. కొట్టకపోవడం అలవాటయ్యాక, వినడం కూడా మానేసింది. గోడగడియారం చప్పుడు ఎవరు వింటారు?

దుకాణం ఆవిడ వచ్చి వెళ్ళిన రోజు సాయంత్రం, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండగా ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. రెండోసారి ఎందుకు చెప్పలేదు? విచారణ సంఘం తప్పుపట్టింది కూడా అక్కడే కదా. శత్రువు పాత్రలో ఉన్న ఇంకో విమానం మీద జంటగా సాధన చేస్తున్నారు. ముందు మేస్త్రి, వెనక గొడుగు. గొడుగు బింగో అన్నాడు. ముందున్నవాడు ఆ మాట వింటే ఇద్దరూ తక్షణం మళ్ళాలి. వినలేదని మేస్త్రి వాంగ్మూలమిచ్చాడు. జవాబు రాకపోతే వెనకవాడు మళ్ళీ చెప్పాలి. అప్పటికీ రాకపోతే తనంతట తను ఇంటిదారి పట్టాలి. నియమం అంత స్పష్టంగానూ ఉంది. గొడుగు మళ్ళీ చెప్పలేదు. ఇంకో మూడు నిమిషాలు పల్టీలు కొట్టాడు. తిరుగుదారిలో, రన్‌వే నాలుగు కిలోమీటర్లుందనగా ఇంజన్ ఆగింది. సీటుతో సహా బయటికి దూకడానికి ఎత్తు చాలలేదు. మృతుడి స్వంత నిర్లక్ష్యం కూడా కారణమని రాశారు. దాంతో పరిహారం సగానికి కోత పడింది.

సంతాపసభలో ఒకాయన, ఆకాశం అతణ్ణి తనలోకి పిలుచుకుందన్నాడు. ఆకాశం ఎవర్నీ పిలవదు. ఇంధనం అయిపోతుంది, అంతే.

బస్సు మలుపు తిరిగేసరికి ఆమెకు వినపడింది. టేపులో గొడుగు గొంతు: “గొడుగు, బింగో.” ఆ వెంటనే, ఊపిరి తీసుకునేంత విరామం కూడా లేకుండా, టక్ టక్. అతనికి జవాబు వచ్చింది. వచ్చింది కాబట్టే మళ్ళీ చెప్పలేదు. ముందున్నవాడు విన్నాడని, ఇప్పుడో ఇంకో క్షణానికో మళ్ళుతాడని వెనకే ఉండిపోయాడు. ఆ రెండు చప్పుళ్ళను ఆమె కాగితం మీద పెట్టలేదు కాబట్టి, అతను ఎవరూ పలకని పిలుపు ఒకటి వేసి బుద్ధిలేకుండా ఊరుకున్నవాడయ్యాడు.

దిగాల్సిన చోటు దాటిపోయి రెండు స్టాపులు వెనక్కి నడిచింది.

“అచ్చుతప్పు దొరికితే మీరేం చేస్తారు?” అని ఆ రాత్రి అన్నం దగ్గర భర్తను అడిగింది.

“సవరణ వేస్తాం. చివరి పేజీలో, చిన్నక్షరాల్లో. ఎవడూ చదవడు. ఏం?”

చెప్పింది. ఆయన కంచంలో చెయ్యి ఆపేశాడు. “నీకు ఇంకా పద్నాలుగు నెలలే సర్వీసు,” అన్నాడు. మళ్ళీ తనే, “టేపు ఉందా అసలు?” అన్నాడు. అదే అసలు సంగతి. కేసు మూసిన తొంభై రోజులకు టేపు చెరిపేసి మళ్ళీ వాడతారు. వేళ్ళమీద లెక్కపెట్టింది. పదకొండు రోజులున్నాయి.

ఇప్పటి సెక్షన్ ఆఫీసర్ ఆమెకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, చెడ్డవాడు కాదు. సవరణ కోరుతూ రాసుకొచ్చిన కాగితం ఆమె చేతిలో ఉంది. ఆమె చెప్పింది విన్నాక తలుపు వేసి వచ్చాడు.

“మేడమ్, ఈ ఒక్క నకల్లోనే వదిలేశారా?”

“అన్నిట్లోనూ వదిలేశాను సార్.”

“ఎన్నేళ్ళ నుంచి?”

“ఇరవై రెండు.”

“అంటే ఇరవై రెండేళ్ళలో జరిగిన ప్రతి ప్రమాదం ఫైలూ మళ్ళీ తెరవమంటారు. మీ మీద ఛార్జిషీటు రాయమంటారు. రాసేది నేను. నాకు మీరంటే గౌరవం. ఆ కాగితం నాకివ్వకండి.”

“ఇస్తే తీసుకోరా సార్?”

“ఇస్తే తీసుకోక చస్తానా?”

ఇచ్చింది. ఆయన తేదీ వేసి, తారీఖు కింద గట్టిగా గీత గీశాడు. ఆ గీతే ఆయన చేసిన సాయం. తేదీ పడిన కాగితం సంగతి తేలేదాకా టేపు చెరపకూడదు కాబట్టి, చెరిపేవాళ్ళకు అడ్డం పడింది.

నాలుగో రోజున మేస్త్రి ఆమె గదికి వచ్చాడు. విమానం ఎక్కే ముందు కనపడిన ప్రతి అతుకునూ, ప్రతి మరనూ వేలితో తట్టి చూస్తాడని ఆ పేరు. అతన్ని ఎదురుగా చూడటం ఆమెకు అదే మొదటిసారి. గొంతు మాత్రం ఎనిమిదేళ్ళ పరిచయం.

“కూర్చోవచ్చా అమ్మా?”

“కూర్చోండి సార్.”

“నేను అబద్ధం చెప్పలేదు. వాడు బింగో అన్నది నాకు నిజంగా గుర్తులేదు. అటు ఎదుటివాణ్ణి వెతుక్కుంటున్నాను, మెడ విరిగేలా వెనక్కి తిప్పి. ఆ బటన్ రోజుకు రెండొందలసార్లు నొక్కుతాను. ఎవరి గొంతు ఆగినా నా వేలు నొక్కేస్తుంది. నొక్కింది వేలమ్మా. నేను కాదు.”

ఆమె నమ్మింది. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. దుర్మార్గుడొకడు దొరికితే మనకు పని సులువవుతుంది. ఇక్కడ ఒక వేలు దొరికింది.

“మీరు వినలేదు సార్. నేను రాయలేదు. మనిద్దరం కలిసి తప్పును ఆ పిల్లాడి నెత్తిన పెట్టాం,” అంది.

“ఇప్పుడు దాన్ని నా నెత్తిన పెడతారా?”

“టేపులో ఏముందో అదే పెడతాను.”

అతను కుర్చీ వెనక్కి జరిపాడు. లేచేటప్పుడు, “వాడు గొడుగు ఎందుకు తెచ్చుకున్నాడో తెలుసా? హెల్మెట్ కొత్తది, తడవకూడదని,” అని చెప్పి వెళ్ళాడు.

ఎనిమిదో రోజున టేపు మళ్ళీ విన్నారు. విచారణాధికారి, సెక్షన్ ఆఫీసర్, ఒక రేడియో మెకానిక్, మేస్త్రి, చెవులమ్మ. చప్పుళ్ళు ఉన్నాయి. కానీ అవి మేస్త్రివే అనడానికి ఆధారమేమిటి? ఉరుము కావచ్చు, వేరే విమానం కావచ్చు, గొడుగు తన బటన్ తనే నొక్కి ఉండవచ్చు అని విచారణాధికారి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు.

“ఆ రోజు మేస్త్రిగారి రేడియోలో సన్నటి ఈల ఉంది సార్,” అంది ఆమె. “ఆయన నోరు విప్పిన ప్రతిసారీ మాట వెనక ఉంటుంది. ఆ రెండు చప్పుళ్ళ వెనకా ఉంది.”

ఎవరికీ వినపడలేదు. మెకానిక్ యంత్రానికి తగిలించి చూశాడు. దాని తెర మీద ఈలకు సన్నటి గీత లేచింది. మేస్త్రి మాటల దగ్గర లేచింది, గొడుగు మాటల దగ్గర లేవలేదు, టక్ టక్ దగ్గర రెండుసార్లు లేచింది. “ఈ సెట్ ఆ మర్నాడే నేను విప్పాను సార్, ఈల వస్తోందని. రిజిస్టర్లో ఉంది,” అన్నాడు మెకానిక్. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

“ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదు?” అని విచారణాధికారి ఆమెను అడిగాడు.

“రాయొద్దన్నారు సార్.”

“రాతపూర్వకంగా ఉందా?”

“ఎర్ర సిరాతో కొట్టేశారు. కొట్టేసిన కాగితం ఎవరు దాచుకుంటారు సార్?”

ఆమె ధైర్యం గురించి స్థావరంలో అప్పుడొక ప్రశంస నడిచింది. ఆమెకది ఒళ్ళుమంట. తప్పు చేసిన మనిషి తప్పు ఒప్పుకోవడాన్ని ధైర్యమంటే, తప్పు పేరు చెప్పకుండా తప్పించుకోవచ్చు. ఆమెకు రెండు ఇంక్రిమెంట్లు కోసేశారు. ఆమె దాని మీద అప్పీలు చేసుకోలేదు, త్యాగం కూడా అనలేదు. మేస్త్రిని విమానాల నుంచి తీసి ఆఫీసులో కూర్చోబెట్టారు. పాత ఫైళ్ళలో ఎనిమిదింటిని మళ్ళీ తెరిచి, ఎవరో చెరపడం మరిచిన మూడు టేపులు పోను, అయిదింటిలో టేపు మిగల్లేదని మూసేశారు. ఆ అయిదూ ఎవరివో ఆమె దగ్గర ఒక కాగితం ఉంది. దాన్ని ఎవరికీ చూపించదు.

సవరించిన నకలు తీసుకుని ఆమే దుకాణానికి వెళ్ళింది. దుకాణం ఆవిడ ఒక అద్దాన్ని సాన పడుతూ ఉంది. యంత్రం ఆపి, చేతులు తుడుచుకుంది.

“రెండోసారి ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసిందమ్మా. జవాబొచ్చింది. ఆ రోజు మీరడిగినప్పుడు నాకు తట్టలేదు. అంతకు ముందు నేను కొట్టలేదు. తప్పు నాది.”

“జవాబా? ఏమని?”

టైపిస్టు బొటనవేలి గోటితో గాజుబల్ల మీద రెండుసార్లు కొట్టింది.

“ఇంతేనా?”

“ఇంతే.”

“దీనికా వాడు ఊరుకున్నాడు?”

“దీనికే ఊరుకుంటారమ్మా. అందరూ.”

అక్క కోప్పడుతుందేమోనని ఆమె నిలబడే ఉంది. అక్క కోప్పడలేదు, క్షమించానని కూడా అనలేదు. కళ్ళజోడు సరిచేసుకుని నకలు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. గొడుగు అన్న చోటల్లా పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకుంటూ, మూడో పేజీలో తమ్ముడు వేసిన ఒక జోకు దగ్గర ఆగి, “వెధవ,” అంది. టైపిస్టు చెప్పులు తొడుక్కుని వచ్చేసింది.

నిర్లక్ష్యం అన్న మాటను విచారణ నివేదికలోంచి తొలగించారు. కోసిన సగం పరిహారం చెల్లించమని ఉత్తర్వు వచ్చింది. లెక్కలు మూసేసిన పాత ఏడాది ఖాతాలోంచి ఇవ్వడం కుదరదని ఖజానా దాన్ని మూడుసార్లు తిప్పి పంపింది. ఉత్తర్వు వచ్చి నాలుగేళ్ళయింది. ఆ సగంలో ఒక్క రూపాయి కూడా అక్కకు ఇంకా ఇవ్వలేదు.