అచ్చరాలు పోయి నంబర్లు మిగిలిన మా అన్న

మొయినాబాద్‌లో మా మనవరాలి ఇంటికి వెళ్తే ఆ పిల్ల ఎప్పుడూ కంప్యూటర్ ముందే ఉంటుంది. చందనవెల్లిలో ఉద్యోగం. మొన్న నల్లటి తెర మీద ఒక్క వరుస టైపు చేసి ఊరుకుంది. ప్రింటర్ గరగరమంది. తను రాసిన ప్రోగ్రాం కాగితానికి రెండు పుటల చొప్పున, ముఖ్యమైన మాటలు లావుగా, ఎడమ అంచున వరుస నంబర్లతో బయటికొచ్చింది. "గిదొక చిన్న టూలు అమ్మమ్మా, సదవనీకె సాపుగ అచ్చేస్తది" అంది. ఆ నంబర్లు చూడగానే నాకు మా అన్న గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముసలితనంలో ఇదొకటి, కాగితాన్ని చూసినా ఏడుపే.

మాది చేవెళ్ల దగ్గర ముడిమ్యాల. అరవైతొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం మొదలైన ఆ రోజుల్లో అన్న పట్నంలో ఒక కంప్యూటర్ ఆఫీసులో చేరాడు. అప్పుడు ప్రోగ్రామంటే చిల్లులు పొడిచిన అట్టకార్డులు. ఆ కార్డుల్లో ఉన్నది మనుషులు చదివేటట్టు వరుస నంబర్లు వేసి, లోపలి మాటలు కొంచెం లోపలికి జరిపి అచ్చువేసే ప్రోగ్రాం ఒకటి అన్న సొంతంగా రాశాడు. మొదటి అచ్చు ఇంటికి తెచ్చాడు. చాపంత వెడల్పు కాగితం! మా అవ్వకు, అంటే మా అమ్మకు, ఇంగ్లీషు రాదు. చర్చిలో వాక్యం చదవడం కోసమే తెలుగు నేర్చుకున్న మనిషి, నంబర్లుంటే అవి బైబిల్ వచనాలే అనుకునేది.

"ఏ సువార్తర కొడుకా ఇది?" అంది భక్తిగా.

అన్న పడీపడీ నవ్వాడు. "సువార్త గాదే అవ్వా, మిషనుకు జెప్పే మాటలు."

"మిషనుకు గూడ వాక్యం జెప్తున్నవా? మంచిదే. నీకెట్లాగు రాలె, దానికన్న మారుమనసు వస్తదేమో!"

తర్వాత పట్నంలో గొడవలు ముదిరాయి. బస్సులు ఆగిపోయాయి, అన్న ఇంట్లోనే ఉండిపోయాడు. ఒకరోజు ఉన్నట్టుండి సైకిల్ తీశాడు. అవ్వ హ్యాండిల్ పట్టుకుంది. "పోకు బిడ్డా, జర ఆగు."

"నా కార్డుల పెట్టె ఆడనే ఉన్నదే. చెల్లాచెదరైతే మల్ల వరుస దొరకది. ఫికర్ జెయ్యకు, పొయ్యొస్త."

ఆఫీసుదాకా చేరనే లేదు. దారిలో జనం పరుగెత్తుతుంటే తలకు దెబ్బ తగిలింది. లాఠీనో రాయో తెలియదు. దవాఖాన నుంచి వచ్చాక నడిచాడు, మాట్లాడాడు, బువ్వ తిన్నాడు. బతికి బయటపడ్డాడని సంతోషపడ్డాం. ఒకరోజు పేపర్ చేతికిచ్చాం. "నంబర్లు తెలుస్తున్నయే. అచ్చరాలే చీమల్లెక్క పారిపోతున్నయి" అన్నాడు.

చదువు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. అవ్వ రావచ్చు అన్న మాటనే పట్టుకుంది. పొద్దుగూకగానే వాక్యపు పుస్తకం తెరిచి అన్న వేలు వచనం మీద పెట్టేది. అన్న నంబర్ చదివి ఆగేవాడు. అవ్వ కాసేపు ఆశగా చూసి, రాకపోతే ఆ వచనం తనే చదివేది. అన్న మళ్లీ నంబర్. ఆఫీసువాళ్లు ఇంకొకరిని పెట్టుకున్నారు, అన్న పొలం చూసుకున్నాడు, అక్షరాలు మాత్రం రానే లేదు. అవ్వ కళ్లు మసకబారాక కూడా వాళ్ల చదువు ఆగలేదు. అన్న నంబర్ చెబితే అవ్వ వచనం నోటికి అప్పజెప్పేది. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి చదివినట్టు. అది చూసి నేను పెరటిలోకి పోయి ఏడ్చేదాన్ని.

అవ్వ పోయింది. సమాధి దగ్గర చర్చి అయ్యగారు, కొడుకు కదా అని, పుస్తకం తెరిచి అన్న చేతిలో పెట్టారు. ఆయన ఊరికి కొత్త. అన్న వేలు పెట్టి "పద్నాలుగు" అన్నాడు. ఆగాడు. దుఃఖంతో చదవలేకపోతున్నాడనుకుని అయ్యగారు తల వంచుకున్నారు. నాకు తెలుసు, అన్న అవ్వను పడుకోబెట్టిన పెట్టె వైపు చూస్తున్నాడు, ఆమె వంతు కోసం.

ఇప్పుడు అన్న కూడా లేడు. కాలం అన్నీ మాన్పుతుందంటారు. మాన్పుతుందేమో గాని, పోయినవాళ్ల వంతు మాట మాత్రం అది ఎవరితోనూ చెప్పించలేదు.