పసిపిల్ల గాజులోంచి దూరిన చక్రం

మా టీచరమ్మ గారు పోయిన కబురు నాకు బడి కరస్పాండెంట్ ఫోన్‌లో పంపాడు. గులాబీ పువ్వు, పక్కన కొవ్వొత్తి, కింద "మా ప్రియ సహోదరి ప్రభువునందు నిద్రించారు" అని ఒక వాక్యం. ఆమెను బడిలోంచి వెళ్ళగొట్టిన చేతివేళ్ళే ఆ గులాబీని వెతికి పెట్టాయి. మర్నాడు ఇంకో కబురు పంపాడు. బడిలో కొత్తగా కట్టిన ఆటల గదికి ఆమె పేరు పెడుతున్నారట. ఆదివారం సాయంత్రం సభ ఉందట, నేను నాలుగు మంచి మాటలు చెప్పాలట.

నా దగ్గర ఉన్నవి మంచి మాటలు కావు. అందుకే సభ కాకముందే ఇక్కడ రాస్తున్నాను.

ఆమెది దివిసీమలో ఒక చిన్న ఊరు. పెళ్ళయి బందరు వచ్చి, చిలకలపూడిలో మా ఇంటికి రెండిళ్ళ అవతల కాపురం పెట్టారు. భర్త తొందరగా పోయారు. మా బడిలో బేబీ క్లాసుకు చాలా ఏళ్ళు ఆమే టీచరు. నేను గుడివాడ కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణని బడి కమిటీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో కూర్చుని నేను చేసిన పని గురించి కూడా చెబుతాను, తొందరపడకండి.

మా వీధిలో ఇంటింటా రోల్డ్ గోల్డ్ నగల పని. తల్లి రాళ్ళు పొదుగుతూ ఉంటుంది, పక్కనే బిడ్డ పాకుతూ ఉంటుంది. నేలమీద రాళ్ళు, పూసలు, తీగముక్కలు. ఏ బిడ్డ ఏది నోట్లో వేసుకుంటుందో దేవుడికి తెలియాలి. అందుకే టీచరమ్మ గారు తన తాళాలను ఏడాది పిల్ల తొడుక్కునే చిన్న గాజుకి తాడుతో కట్టుకున్నారు. మీరూ నేనూ బొమ్మ కొనేటప్పుడు ధర చూస్తాం, రంగు చూస్తాం. ఆమె ముందు గాజు తీసేవారు. బొమ్మ గానీ, దాని నుంచి ఊడే ముక్క గానీ ఆ గాజులోంచి దూరిందా, మూడేళ్ళలోపు పిల్లలకు ఇచ్చేవారు కాదు. పిల్లల పెంపకం మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో చిన్న గొట్టంతో చేసే ఇలాంటి పరీక్షే కనిపిస్తే, సంబరపడి ఆమెకు చూపించాను. "మన గాజు సంగతి వాళ్ళకెవరు చెప్పారండీ అన్నయ్య గారూ?" అని నవ్వారు.

మూడు నెలల బిడ్డకు ఏం బొమ్మ కొనమంటారని ఒక తండ్రి అడిగితే, "మీ మొహం చూపించండి బాబూ, రోజూ కాసేపు. అది కొట్లో దొరకదు" అన్నారు. పది నెలల మనవడు చెంచా పదే పదే కింద పడేస్తున్నాడని ఒక ముసలావిడ విసుక్కుంటే, "పడేయనివ్వండి పిన్నీ. కింద పడితే ఏమవుతుందో వాడు చదువుకుంటున్నాడు. అందివ్వడమే మీ పని" అన్నారు. వాకర్ కొనుక్కొచ్చిన వాళ్ళను మాత్రం కసిరేవారు. బిడ్డ తోసుకుంటూ నడిచే బండి ఇవ్వాలి గానీ, బిడ్డను అందులో వేలాడదీసే బండి కాదని. ఏడాదిన్నరకు తాడు కట్టి లాగే డబ్బా. రెండేళ్ళకు ఒకదానిలో ఒకటి పట్టే గిన్నెలు, రెండు చెంబులు, కాసిని నీళ్ళు. గుచ్చే పూసలు మూడు దాటి, నోట్లో పెట్టుకునే అలవాటు పూర్తిగా పోయాకే. నాలుగేళ్ళ వాళ్ళకు కొట్టు ఆట, వంట ఆట. ఐదేళ్ళకు గవ్వలాట. "ఓడిపోవడం ఇప్పుడు నేర్చుకోకపోతే ఇంకెప్పుడూ నేర్చుకోరు" అనేవారు. మా కరస్పాండెంట్‌కు చిన్నప్పుడు ఎవరూ గవ్వలు ఇచ్చినట్టు లేదు.

ఎండాకాలం రాగానే దివిసీమ నుంచి ఆమె తమ్ముడు తాటికాయలు పంపేవాడు. ముంజెలు తిన్నాక మిగిలిన కాయలను చక్రాలు చేసి, వీధిలో పెద్దపిల్లల చేత బండ్లు కట్టించేవారు. ఒకసారి అవి బడికి తెస్తే కరస్పాండెంట్ గేటు దగ్గరే ఆపాడు. "ఇంగ్లీషు మీడియంలో తాటికాయలేంటమ్మా? రేపు పేడతట్ట కూడా తెస్తావా?" అన్నాడు. "తాటికాయ చక్రం ఏ పిల్ల గొంతుకూ అడ్డం పడదండీ" అని ఆమె జవాబు. ఆ మాట అతను మర్చిపోలేదు.

పన్నెండేళ్ళ కిందట అడ్మిషన్ల కరపత్రం కోసం బడిలో ఫొటోలు తీశారు. ఫొటోలో పెద్దమనిషిగా నిలబడటానికి నన్నూ పిలిచారు. కరస్పాండెంట్ అంతకుముందే ఒక ప్లాస్టిక్ రైలు కొనుక్కొచ్చాడు. చక్రాలు ఊడుతున్నాయని టీచరమ్మ గారు దాన్ని బీరువా పైన పెట్టేశారు. అతను కుర్చీ వేసి దాన్ని దించాడు. "వద్దండీ, వీళ్ళకింకా మూడేళ్ళు రాలేదు" అని ఆమె అడ్డం వచ్చారు. "రెండు నిమిషాలమ్మా. ఫొటోలో నీ గిన్నెలూ మూతలూ పెట్టమంటావా?" అని రైలును పిల్లల మధ్యలో పెట్టించాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ప్రతి మాటా విన్నాను.

రెండున్నరేళ్ళ పిల్ల ఒకతి రైలు నుంచి ఊడిన చక్రాన్ని మింగబోయింది. అది గొంతులో ఇరుక్కుంది. మొహం నల్లబడింది. ఫొటోగ్రాఫరు కెమెరా వదిలేశాడు, కరస్పాండెంట్ గుమ్మం దాకా పరిగెత్తి అక్కడే ఆగిపోయాడు. నేను కొయ్యబారిపోయాను. టీచరమ్మ గారు పిల్లను ఒళ్ళో బోర్లా వేసుకుని వీపు మీద చరిచారు. చక్రం బయటపడింది. పిల్ల ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

పిల్ల తల్లి మా వీధి మనిషే, నగలకు రాళ్ళు పొదుగుతుంది. ఆమె వచ్చేసరికి కరస్పాండెంట్ కథ తయారుచేసి పెట్టుకున్నాడు. టీచరమ్మ ఇంటి నుంచి తెచ్చే చెత్త బొమ్మల్లోదేదో పిల్ల మింగిందట. తల్లి టీచరమ్మ గారి మీదకు వెళ్ళి, "నా పిల్లని చంపబోయావు కదే!" అని అరిచింది.

సాయంత్రం కమిటీ కూర్చుంది. టీచరమ్మ గారు చక్రాన్ని బల్ల మీద పెట్టి, తాళాల గాజు తీసి, అందులోంచి జారవిడిచి చూపించారు. కరస్పాండెంట్ నవ్వాడు. "గాజుల కొలతలు చూడ్డానికి ఇది బజారు కాదమ్మా." మిగతావాళ్ళూ నవ్వారు. అప్పుడామె నావైపు తిరిగారు.

"అన్నయ్య గారు అక్కడే ఉన్నారు. రైలు ఎవరు దించారో ఆయన్ని అడగండి."

మా అమ్మాయికి అదే బడిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

"నేను సరిగా చూడలేదండీ" అన్నాను.

ఆమె చక్రాన్ని బల్ల మీదే వదిలేసి, గాజు తీసుకుని నడుముకి దోపుకున్నారు. మర్నాటి నుంచి ఆమెను బడికి రావద్దంది కమిటీ. ఆమె గిన్నెల పెట్టె చెత్తకుప్ప మీదకు వెళ్ళింది. అందరూ లేచి వెళ్ళాక బల్ల మీది చక్రాన్ని జేబులో వేసుకున్నాను. సాక్ష్యం దాచానో, దొంగతనం చేశానో ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను.

తర్వాత ఆమె తన వరండాలోనే వీధి పిల్లలను ఆడించారు. ఆ తల్లి మాత్రం తన పిల్లను పంపలేదు. టీచరమ్మ గారు ఎదురైతే మొహం తిప్పుకుని వెళ్ళేది. పన్నెండేళ్ళు అలాగే గడిచాయి. నిజం నేనైనా చెబుతానేమోనని ఆమె ఎదురుచూశారో లేదో తెలియదు. ఆ సంగతి నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.

ఒక్కసారి తప్ప. మాకు మనవడు పుట్టిన ఏడాది, చూడటానికి వచ్చారు. నేను కొన్న బొమ్మలన్నీ చాప మీద పరిచి ఉన్నాయి. ఆమె కూర్చుని, గాజు తీసి, ఒక్కొక్కటీ అందులోంచి పోనిచ్చి చూశారు. దూరినవాటిని ఏరి నా దోసిట్లో పోశారు.

"ఇవి వద్దండీ అన్నయ్య గారూ" అన్నారు నెమ్మదిగా. "కొనేటప్పుడు మీరు సరిగా చూసి ఉండరు."

మా ఆవిడ కాఫీ తెచ్చింది. టీచరమ్మ గారు కాఫీ తాగి, పిల్లవాడి తల నిమిరి వెళ్ళిపోయారు. నా జీవితంలో ఎందరో నన్ను తిట్టారు. ఒక్క తిట్టూ గుర్తులేదు. ఆ మాట ఉంది.

ఆమెను సమాధి చేసి వచ్చిన మర్నాడు, సొరుగులోంచి చక్రం తీసుకుని ఆ తల్లి ఇంటికి వెళ్ళాను. గుమ్మం పక్కన పలక ముందేసుకుని రాళ్ళు పొదుగుతోంది.

"రండి బాబాయ్ గారూ, కూర్చోండి" అని పీట జరిపింది.

కూర్చోకుండానే చెప్పాను. రైలు, కుర్చీ, "రెండు నిమిషాలమ్మా" అన్న మాట, కమిటీ ముందు టీచరమ్మ గారు చూపించిన గాజు, అక్కడ నేనన్న మాట, అన్నీ. చక్రం పలక మీద పెట్టాను. ఆమె దాన్ని వేళ్ళతో తిప్పి చూసింది.

"తెలిసీ ఊరుకున్నారా?"

"ఊరుకున్నాను."

"రోజూ నా గుమ్మం ముందు నుంచే కదా చర్చికి వెళ్ళేది ఆవిడ. నేను తలుపేసుకునేదాన్ని." గొంతు పెరగలేదు. "వీధి కుళాయి దగ్గర ఆవిడ బిందె పక్కన నా బిందె పెట్టలేదు బాబాయ్ గారూ. పన్నెండేళ్ళు."

ఆదివారం సభ సంగతి చెప్పాను. ఆటల గది నిండా కొత్త బొమ్మలు తెప్పించారని, ఫొటోకు దండ కూడా కొన్నారని చెప్పాను.

"వస్తాను" అంది. "పిల్లని కూడా తెస్తాను. వీధిలో అందర్నీ తెస్తాను. ఆ గదిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటీ ఆ కరస్పాండెంట్ ముందే చూస్తాం."

నేనూ వస్తాను. కరస్పాండెంట్ గారూ, మీ గులాబీకి ఇదే నా జవాబు. వేదిక మీద నాకు కుర్చీ వేయకండి. కింద కూడా ఆ తల్లి నన్ను తన పక్కన కూర్చోనివ్వదు. జరిపిన పీటను ఆమె నా కళ్ళముందే వెనక్కి లాగేసింది.

ఆ రోజు వచ్చేసే ముందు చక్రం తిరిగి ఇమ్మని చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు. పక్కనున్న గాజుల కుప్పలోంచి అన్నిటికంటే చిన్నది ఏరి, ఎడమచేత్తో పట్టుకుని, పైనుంచి చక్రం వదిలింది. పలక మీద టక్కుమంది. ఏరి మళ్ళీ వదిలింది. నేను వీధి మలుపు తిరిగేదాకా వెనక ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.