నాలుగు కట్టెల బరువు

నా చిన్నప్పుడు ఒక చలికాలం మా ఇంటి వెచ్చదనమంతా పెరట్లోని కట్టెల మీదే ఆధారపడింది. ఇల్లినాయ్‌లో ఒక చిన్న ఊరి చివర పాత ఇంట్లోకి అప్పుడే మారాం. గ్యాస్ లైను అంత దూరం రాలేదు. హాల్లోని ఇనప కట్టెల పొయ్యే మాకు దిక్కు. ఊరి క్లినిక్‌లో డాక్టరుగా పనిచేసే మా నాన్న, మే నెలలోనే చీల్చిన పచ్చి కట్టెలు ఒక ట్రక్కుడు కొని పెరట్లో పోయించారు.

నాన్న వాళ్లది గుంటూరు వైపు మిరప పండించే కుటుంబం. కళ్లంలో మిరపకాయల రాశికి వాన తగలకుండా పట్టా కప్పినట్టే, ఈ గుట్టకీ నేలదాకా పట్టా దించి చుట్టూ తాడు బిగించారు. నాలుగు నెలలు విప్పలేదు. సెప్టెంబరులో అమ్మ పురుడికని వచ్చిన అమ్మమ్మ, రెండో రోజే ఆ పట్టా ఎత్తి చూసింది. లోపల చెమట పట్టినట్టు నీటి బొట్లు. కట్టెల మీద తెల్లటి బూజు.

మా అమ్మమ్మ అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు. నాన్న పక్కనే నిలబడి ఉన్నా నాతోనే అంది: "మీ నాన్నగారిని అడగవే, వాన వెలిశాక కూడా పట్టా తీయని కళ్లం ఎక్కడైనా చూశారేమో."

నాన్న కూడా నా వైపే చూస్తూ, "మరి ఇప్పుడేం చెయ్యాలో కూడా చెప్పమను," అన్నారు.

గుట్టంతా విప్పేశాం. నేల తేమ తగలకుండా అడుగున రెండు వాసాలు పరిచి, వాటి మీద ఒంటి వరసగా, గాలి దూరేలా సందులు వదిలి పేర్చాం. లావువాటిని నాన్న మళ్లీ చీల్చారు. పట్టాని పైన మాత్రం గొడుగులా ఉంచి పక్కలన్నీ ఎండకీ గాలికీ వదిలేశాం.

పాపాయి డిసెంబరు మొదట్లో రావాలి. కట్టెలు అమ్మిన ముసలాయన వచ్చి చూసి, తడి కట్టె వేడి ఇవ్వదు, పొగే ఇస్తుంది, పసిబిడ్డ ఉండే ఇంట్లో వద్దన్నాడు. నవంబరు చివరికి ఎండకపోతే అమ్మా అమ్మమ్మా గ్యాస్ ఉన్న అరోరా పట్నంలో నాన్న స్నేహితుల ఇంటికి వెళ్లి, పురుడయ్యాక కూడా చలికాలమంతా అక్కడే ఉండాలని పెద్దవాళ్లు అనుకున్నారు. నాకు బడి ఉంది కాబట్టి నేను నాన్నతో ఇక్కడే. నాకప్పుడు తొమ్మిదేళ్లు. బెంగ పెట్టుకున్నాను కానీ, అమ్మమ్మ నెయ్యి వేసి కలిపి పెట్టే ముద్దలు మాత్రం ఒక్కటీ వదల్లేదు.

ఎండిందో లేదో తెలుసుకునే ఉపాయం ఆ ముసలాయనే చెప్పాడు. నాలుగు కట్టెలకి సుద్దతో గుర్తు పెట్టించాడు. నాలుగూ కలిపి ఇరవై పౌండ్లు తూగాయి. అవి పదిహేడుకి దిగితే పొయ్యిలో పెట్టుకోవచ్చన్నాడు. తూచే పని నాకిచ్చారు. బాత్‌రూమ్ స్కేల్ మీద ఉత్తగా నిలబడితే నేను యాభై ఎనిమిది. కట్టెలు వాటేసుకుని నిలబడితే డెబ్బై ఎనిమిది. ఆ యాభై ఎనిమిదిని నోటుపుస్తకం అట్ట మీద రాసి పెట్టుకున్నాను. ఇక ప్రతి ఆదివారం కట్టెలతో ఎక్కడం, అందులోంచి యాభై ఎనిమిది తీసేయడం.

అక్టోబరులో మొత్తం డెబ్బై ఏడుకి దిగింది. అంటే కట్టెలు పందొమ్మిది. తర్వాత అక్కడే ఆగిపోయింది. నాలుగు వారాలు, అదే అంకె. నవంబరు చివరి ఆదివారం కూడా డెబ్బై ఏడే. నాన్న పుస్తకం చూసి అరోరాకి ఫోన్ చేయడానికి లోపలికి వెళ్లారు. నేను కట్టెల పక్కన కూర్చుని ఏడ్చాను.

అమ్మమ్మ చీర మీద నాన్న కోటు వేసుకుని వచ్చింది. గుర్తు పెట్టిన కట్టెలు రెండు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది. ఠంగుమన్నాయి.

"ఎండిన కాయ ఊపితే గింజ మోగుతుంది. ఇదీ మోగుతోందే," అంది. "తడి కట్టెలో లేదు. నీ పుస్తకంలోనే ఎక్కడో ఉంది."

తర్వాత నన్ను ఎగాదిగా చూసి, నా స్కర్టు నడుము దగ్గర పెట్టుకున్న పిన్నీసు పట్టుకుని లాగింది. "ఈ హుక్కు ఎప్పట్నుంచి పట్టడం లేదు? పద, ఒకసారి ఉత్త చేతుల్తో ఎక్కు."

ఎక్కాను. అరవై.

డెబ్బై ఏడులోంచి అరవై తీసేస్తే పదిహేడు. కట్టెలు తగ్గుతూనే వచ్చాయి. పెరిగింది నేను.

అమ్మమ్మ గుమ్మంలోంచే కేకేసింది: "అల్లుడు గారూ, ఆ ఫోన్ పెట్టేయండి!" ఆవిడ ఆయనతో నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. విషయం విన్న నాన్న పడీపడీ నవ్వారు. "రెండు పౌండ్లు మీ నెయ్యేనన్నమాట," అంటూనే, తను కూడా ఒకసారి ఉత్తగా, ఒకసారి కట్టెలతో స్కేల్ ఎక్కి చూసుకున్నారు. పదిహేడే.

ఆ సాయంత్రం పొయ్యి వెలిగించాం. బుసలు లేవు, ఇంట్లో పొగ లేదు. అమ్మ కుర్చీ జరుపుకుని పొయ్యికి ఎదురుగా కాళ్లు చాపుకుంది. పది రోజులకి తమ్ముడు ఆ ఇంటికే వచ్చాడు.

లెక్కలు నాకు ఏ కాలేజీలోనూ రాలేదు. చేస్తూ, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకున్నాను. వయసు యాభై దాటినా, ఏ లెక్కైనా కదలకుండా మొండికేస్తే నాకు ఆ నోటుపుస్తకం అట్టే గుర్తొస్తుంది. ఎప్పుడో ఒకసారి రాసుకుని, మళ్లీ చూడటం మానేసిన అంకె ఏదో వెతుకుతాను. కట్టెల్ని అనుమానించే ముందు, ఉత్త చేతుల్తో ఒకసారి స్కేల్ ఎక్కుతాను.