తువ్వాల కింద ఇంటర్ సైన్సు

ఆర్మూర్ మార్కెట్ యార్డులో గంగాదాస్ దడ్వాయి. రైతులు తెచ్చిన పసుపు సంచులను కాంటా మీద పెట్టించి తూకం చెప్పడం అతని పని. పాతికేళ్ళు అదే పని చేసేసరికి గోళ్ళు, అరచేతులు, చివరికి చెవుల వెనక మడతలు కూడా పచ్చబడ్డాయి. భుజం మీది తువ్వాల కొన్నప్పుడు తెల్లదేనని అతని భార్య నీలవ్వ ఒట్టు పెట్టి చెప్పినా ఎవరూ నమ్మరు. తూకంలో మాత్రం చిటికెడు తేడా రానివ్వడు. యార్డంతా నిజాయితీపరుడని పేరు. జీవితం మొత్తంలో తాను ఆడిన అబద్ధం ఒక్కటేనని అతని నమ్మకం.

ఆ ఒక్కటీ పెళ్ళిచూపుల్లో ఆడాడు. కాబోయే మామ భూమయ్య "ఏం చదివినవ్ బిడ్డా?" అని అడిగితే, "ఇంటర్ సైన్సు" అన్నాడు. అంతవరకు నిజమే, రెండేళ్ళూ కాలేజీకి పోయి వచ్చాడు. ముసలాయన అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. "పాసేనా?" అన్నాడు. చాప మీద కూర్చున్న నీలవ్వ అప్పుడే తలెత్తి చూసింది. ఆ చూపు ఎదురుగా పెట్టుకుని ఫెయిలని చెప్పగల మొనగాడు జిల్లాలో ఉంటే వచ్చి మాట్లాడమనండి. "ఫస్టు క్లాసు" అన్నాడు గంగాదాస్.

అసలు సంగతి వేరు. కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష రోజున బ్యూరెట్ అనే పొడుగాటి గాజు గొట్టం అతని చేతిలోంచి జారి ముక్కలైంది. సార్ ఇటు తిరిగేలోగా గంగాదాస్ కిటికీలోంచి దూకాడు. దూకినవాడు దూకినట్టే ఇంటికి పోయాడు, మళ్ళీ ఆ కాలేజీ గేటు తొక్కలేదు.

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. నీలవ్వ బీడీలు చుడుతుంది. వాకిట్లో చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పదిమంది ఆడవాళ్ళ మధ్య ఆమెకు ఒక హోదా ఉంది. "మా ఆయన ఇంటర్ సైన్సు" అని రోజుకొక్కసారైనా అనకపోతే ఆమెకు అన్నం సహించదు. అందువల్ల గల్లీలో సైన్సు సందేహం ఎవరికొచ్చినా గంగాదాస్ దగ్గరికే పంపేది. గ్రహణం నాడు ఫ్రిజ్ బంద్ చెయ్యాలా అని ఒకామె అడిగితే "చెయ్యాలె, సైన్సుల ఉంది" అన్నాడు. మరి లోపలి పెరుగో అంటే పారబొయ్యాలన్నాడు. ఉరుములప్పుడు సెల్‌ఫోన్ బియ్యం డబ్బాలో దాచాలన్నాడు. తెలియదంటే పరువు పోతుంది కదా మరి.

పోయిన ఏడాది పెర్కిట్ రోడ్డులో ఒక పసుపు పొడి మిల్లు వాళ్ళు సరుకు పరీక్షించే గది పెట్టారు. పసుపు తెలిసినవాడు, ఇంటర్ సైన్సు పాసైనవాడు కావాలన్నారు. కబురు విన్న నీలవ్వ చాట పక్కన పెట్టి లేచింది.

"గది నీకోసమే వెట్టిండ్రయ్యా. మెమో తియ్యి. రేపే పోదాం."

గంగాదాస్ భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. "మెమో కాలేజీలనే ఉండిపోయింది. అర్జీ పెట్టాలె. జర టైం పడ్తది."

"ఎంత టైం?"

"ఏడాది."

మిల్లు యజమాని మంచివాడు. పసుపు కొమ్మును విరిచి చప్పుడు విని తేమ చెప్పేవాడు మళ్ళీ దొరకడని తెలుసు కాబట్టి, వచ్చే జూన్ దాకా ఆగుతానన్నాడు. మెమో మీద ఏ సంవత్సరం ఉన్నా ఆయనకు పట్టదు. పట్టింపంతా గంగాదాస్‌దే. ఉద్యోగం పోతే పోయింది, నీలవ్వ ముందు తల ఎట్లా ఎత్తడం? గుట్టుచప్పుడు కాకుండా పోయి ఓపెన్ ఇంటర్‌లో పేరు రాయించుకున్నాడు, భాషలతో పాటు ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీకి.

నిజామాబాద్ హాస్టల్లో ఉన్న కూతురు వర్షిత వదిలేసిన క్వశ్చన్ బ్యాంకును పాత సంచిలో చుట్టి యార్డుకు చేర్చాడు. చదివి వినిపించడానికి హమాలీ ఎర్రన్నను పట్టుకున్నాడు. ఎర్రన్న పదో తరగతి మూడుసార్లు రాశాడు గనుక ప్రశ్నలు చదవడంలో అనుభవం ఎక్కువ. చిక్కల్లా జవాబులతోనే వచ్చింది. పైకి చెబితే పక్కవాడు వింటాడు, సాయంత్రానికి నీలవ్వ చాట దగ్గరికి చేరుతుంది.

అప్పుడు గంగాదాస్‌కు పాత పద్ధతి గుర్తొచ్చింది. కంప్యూటర్లు రాకముందు కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. చూసేవాడికి తువ్వాల తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. అదే మొదలుపెట్టారు. ఎర్రన్న గొణుగుతూ ప్రశ్న, నాలుగు జవాబులు చదువుతాడు. గంగాదాస్ తువ్వాల కింద మొదటి జవాబుకు ఒక వేలు, రెండో దానికి రెండు, అట్లా నొక్కుతాడు. బొత్తిగా తెలియకపోతే నాలుగు. ఎందుకంటే నాలుగోది తరచుగా 'పైవన్నీ' అయి ఉంటుంది, పైవన్నీ అంటే ఏదో ఒకటి తగలకపోదని అతని ధీమా.

ఫిజిక్సులో మొదటి రోజే తగువు. చంద్రుడి మీద వస్తువు బరువు ఇక్కడి బరువులో ఆరో వంతు అని చదివేసరికి గంగాదాస్‌కు కోపం వచ్చింది.

"అరవై కిలోల సంచి పది కిలోలు తూగుతదా? గా కాంటా ఎవడు పాస్ జేసిండు? రైతు ఊకుంటడా?"

ఎర్రన్న మాత్రం పుస్తకం మూసి ఆకాశంలోకి చూశాడు. "దాసన్నా, ఆడ హమాలీ పనులు దొరుకుతయా?"

బయాలజీ ఇంకా ఘోరం. 'పసుపు కొమ్ము మొక్కలో ఏ భాగం?' గంగాదాస్ చిరునవ్వు నవ్వి, వేరు అని ధీమాగా నొక్కాడు. ఎర్రన్న వెనక పేజీ చూసి, కాండం అన్నాడు. పాతికేళ్ళుగా భూమిలోంచి తవ్విన సరుకును తూచినవాడికి, నిజామాబాద్‌లో అచ్చేసిన పుస్తకం అది వేరు కాదని చెబుతోంది! రెండు రోజులు పుస్తకాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు ఏర్గట్ల నుంచి సరుకు తెచ్చిన ముత్తవ్వను అడిగాడు.

"కొమ్ముకు కండ్లుంటయి, కండ్లకెల్లి మొలక లేస్తది. వేరుకు కండ్లుంటయా బిడ్డా?" అంది ముత్తవ్వ, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

గంగాదాస్ పుస్తకానికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు.

ఆ రోజే ఇంకో వింత జరిగింది. ముత్తవ్వ కుప్ప పక్కనే కూర్చుని ఇద్దరూ తువ్వాల కప్పుకున్నారు. మూత్రపిండాల మీద ప్రశ్న. గంగాదాస్‌కు ఏమీ తెలియదు, కళ్ళు మూసుకుని నాలుగు వేళ్ళూ గట్టిగా నొక్కాడు. ఎర్రన్న "అబ్బో!" అన్నాడు, ఎందుకంటే జవాబు సరైంది. అటుగా పోతున్న, పసుపు కొనే ఒక సేటు ఆగిపోయాడు. పాతకాలం మనిషి. తువ్వాల, దాని కింద కదిలే చేతులు, హమాలీ నోట అబ్బో, ఇన్ని చూశాక ఆ కుప్పలో ఏదో విశేషం ఉందనుకుని గబగబా ఆఫీసుకు పోయి కంప్యూటర్లో తన ధర పెంచేశాడు. మూత్రపిండాల పుణ్యమాని ముత్తవ్వ సరుకు ఆ రోజు అందరికంటే మంచి ధరకు పోయింది.

ఇక చూడండి. మరుసటి వారం నుంచి ఏ రైతు చూసినా "గంగన్నా, జర మా కుప్ప కాడ కూసోని చదువుండ్రి" అని బతిమాలడమే. రోజుకో కుప్ప దగ్గర రోజుకో పాఠం. గుండె నవీపేట్ రైతు దగ్గర, కాంతి ఇంకొకరి దగ్గర. సేట్లు రెండో వారానికే తెలివి తెచ్చుకున్నారు గానీ, గంగాదాస్ చదువు మాత్రం మూడు నెలలు ఆగకుండా సాగింది.

రాత పరీక్షలు ఎట్లాగో గట్టెక్కాయి. హాల్లో తువ్వాల తీసేయమన్నందుకు మొదటి పది నిమిషాలు చేతులు ఆడలేదు, అంతే. భయమంతా కెమిస్ట్రీ ప్రాక్టికల్‌దే. ల్యాబులో అడుగుపెట్టగానే స్టాండుకు బిగించిన బ్యూరెట్ కనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళయినా అదే ఎత్తు, అదే నడుము. గంగాదాస్ దానికి మనసులో దండం పెట్టుకున్నాడు.

పని తేలికైనదే. గాజు కుప్పెలో యాసిడ్, రంగు చూపే రెండు చుక్కల మందు. పైనున్న బ్యూరెట్ నుంచి క్షారం చుక్క చుక్కగా పడాలి. లేత గులాబీ రంగు రాగానే ఆపి, ఎంత పడిందో రాసుకోవాలి. తూకం మనిషికి ఇది కష్టమేమీ కాదు. కానీ కుప్పె కడిగాక లోపల తడి ఉంది. తడి గిన్నెలో సరుకు తూచడం అతని ధర్మం కాదు. భుజం మీది తువ్వాల తీసి, కొస మెలిపెట్టి, కుప్పె లోపలంతా శుభ్రంగా తుడిచాడు.

అందరి కుప్పెల్లో యాసిడ్ నీళ్ళలా ఉంది, గంగాదాస్ కుప్పెలో నిమ్మరసంలా పచ్చగా ఉంది. అందరిదీ లేత గులాబీ అయ్యింది, అతనిది కాలిన ఇటుకలా ఎర్రగా తిరిగింది. పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడమ్ చూసి అక్కడికే వచ్చింది.

"ఏం కలిపినవ్ ఇందులో?"

గంగాదాస్ కిటికీ వైపు చూశాడు. ఈసారి ఇనుప జాలీ కొట్టి ఉంది. ఇప్పుడు ఫెయిలైతే మిల్లు గది పోతుంది, నీలవ్వకు అంతా తెలుస్తుంది. చెమట తుడుచుకుందామని తువ్వాల ఎత్తాడు. అది కళ్ళ ముందుకు రాగానే ప్రతి ఆదివారం వాకిట్లో వినిపించే గొంతు చెవుల్లో మోగింది. 'సబ్బు వెట్టంగనే ఎర్రగైతది, మళ్ళ నిమ్మకాయ రుద్దితె పచ్చగైతది! గిది తువ్వాలనా, ఊసరవెల్లినా?'

"మేడమ్," అన్నాడు మెల్లగా, "తువ్వాల పసుపు అంటింది. సబ్బులెక్క ఉన్న క్షారం తగిల్తే పసుపు ఎర్రగైతది. యాసిడ్ తగిల్తే మళ్ళ పచ్చగైతది. మీ రెండు చుక్కలు చేసే పనే గిదీ చేస్తది."

మేడమ్ అతని రీడింగు చూసింది. మిగతావాళ్ళ దానికి దగ్గరగానే ఉంది. "ఎవరు చెప్పారు నీకు?"

"మా ఇంటామె మేడమ్. వారం వారం చెప్తది, తిట్టుకుంట."

మేడమ్ నవ్వు ఆపుకుంటూ ఇంకో కుప్పె ఇచ్చి, తువ్వాల తలుపు బయట పెట్టి రమ్మంది. గంగాదాస్ మళ్ళీ మొదటి నుంచి చేశాడు. బ్యూరెట్ పగలలేదు.

జూన్ మొదటి వారంలో ఫలితాలు వచ్చాయి. అన్ని సబ్జెక్టులూ పాస్. బస్టాండ్ పక్క నెట్ సెంటర్లో మెమో తీయించుకుని గంగాదాస్ ఇంటిదాకా దాదాపు పరుగెత్తాడు. మధ్యాహ్నం అన్నాలకని ఆడవాళ్ళంతా వెళ్ళిపోయారు, నీలవ్వ ఒక్కతే ఉంది. ఆమె చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మెమో కళ్ళకద్దుకుంది. ఏడో తరగతి చదువుతో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైనుంచి చదవసాగింది. పేరు చదివింది, తండ్రి పేరు చదివింది. చదివిన ప్రతి మాటకూ తలెత్తి మురిసిపోతూ భర్తను చూసింది. ఆ తర్వాత పాసైన సంవత్సరం చదివింది.

గంగాదాస్ నెలల తరబడి నెఫ్రాన్లు, పరమాణువులు బట్టీ పట్టాడు గానీ, మెమో మీద సంవత్సరం అచ్చు వేస్తారన్న సంగతి ఆ బుర్రకు ఒక్కసారైనా తట్టలేదు. దాచడానికి ఇంత కష్టపడి, ఆ దాచినదాన్నే లామినేషన్ చేయించి ఆమె చేతిలో పెట్టాడు!

"గీ ఏడు పాసైనవా?" అంది నీలవ్వ.

"అవు."

"మరి నన్ను చేసుకునేటప్పుడు?"

"ఫెయిలు." ఆ మాట ఇరవై రెండేళ్ళ తర్వాత బయటికి వచ్చింది. "నువ్వు తలెత్తి చూసినవు గదా నీలవ్వా. ఫెయిలంటే మళ్ళ గట్ల చూడవని భయమయింది. ఇప్పటికీ గదే భయం."

నీలవ్వ మెమోను చాట మీద పెట్టి, అతని భుజం మీది తువ్వాల లాగి ఇద్దరి చేతుల మీదా కప్పింది.

"ఎర్రన్న పెండ్లాం అంత చెప్పిందిలే, తువ్వాల చదువు సంగతి. బుద్ధి పుట్టి పై చదువు చదువుతున్నవ్ అనుకున్న గని, ఫెయిలని నాకేమెరుక? నోటితోని నిజం చెప్పుడు నీతోని కాదు. అడుగుత, వేళ్ళతోని చెప్పు. నాకు చెప్పిన సైన్సుల అబద్ధం ఏది? ఒకటి, గ్రహణం నాడు ఫ్రిజ్ బంద్ చేసుడు. రెండు, పెరుగు పారబోసుడు. మూడు, ఉరుములప్పుడు ఫోన్ బియ్యంల వెట్టుడు."

గంగాదాస్ తువ్వాల కింద ఆమె నాలుగు వేళ్ళూ కలిపి మెల్లగా నొక్కాడు.

"నాలుగు నేను చెప్పనే లేదు. నాలుగంటె ఏంది?"

"పైవన్నీ."

నీలవ్వ తలెత్తి చూసింది. పెళ్ళిచూపుల నాడు చూసినట్టే చూసింది, ఆ తర్వాత నవ్వింది, నవ్వీ నవ్వీ చాటలోని ఆకంతా ఒలకబోసింది. కళ్ళు తుడుచుకుని ఆమె తీర్పు చెప్పింది. సాయంత్రం నుంచి ఇంటర్ పాసైన గంగాదాస్ మెమో చేత పట్టుకుని గల్లీలో ఒక్కో ఇంటి ముందు నిలబడి, గ్రహణం నాడు పెరుగు తినవచ్చని చెప్పుకుంటూ తిరిగాడు.