మాకు ఈ స్టేట్‌మెంటే కావాలి

కాజాలమ్మ నోటికి జడిసి కాకులు కూడా ఆవిడ ఉండే మేడ మీద వాలవని వీధిలో అనుకునేవారు. దర్జీ కొట్టు నుంచి చొక్కాలు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టి బొత్తాలు వేసి ఇచ్చేది కాబట్టి ఆ పేరు. సూదికెంత పదునో నోటికీ అంతే. ఆ నోటికి సరిజోడుగా దొరికినవాడు ఆవిడ మొగుడు. ముప్ఫై రెండేళ్ళు బస్సులో కండక్టరు. వాళ్ళిద్దరూ మామూలుగా మాట్లాడుకుంటుంటే, కొంపలంటుకున్నాయనుకుని కింద వాటాలోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు పైకి పరిగెత్తుకొచ్చేవారు.

అలాంటి మనిషికి రిటైరైన రెండో ఏడు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. కాలు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది గానీ మాట మాత్రం రాలేదు. మూడే మాటలు మిగిలాయి. టికెట్టు, రైట్ రైట్, హోల్డాన్. రైట్ రైట్ అంటే సరే. హోల్డాన్ అంటే వద్దు, ఆపు. టికెట్టు అంటే మంచినీళ్ళు కావచ్చు, దుప్పటి కావచ్చు, కళ్ళజోడు కావచ్చు. పెళ్ళాన్ని కూడా టికెట్టనే పిలిచేవాడు. కాజాలమ్మ మొదటి నెలంతా కొంగు తడిపింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఇన్నేళ్ళూ ఏమే ఏమే అన్నారు, ఇన్నాళ్ళకి నాకో పేరు పెట్టారు" అంది.

మాటలు నేర్పే డాక్టరమ్మ రోజూ ఏదో ఒకటి పైకి చదివించమని చెప్పింది. పేపరిస్తే పక్కకి తోసేశాడు. పిల్లల వాచకం తెచ్చిస్తే, నన్నింత చేశావా అన్నట్టు చూశాడు. ఒకరోజు బ్యాంకు నుంచి కవరొచ్చింది. నెలనెలా వచ్చే స్టేట్‌మెంటే. ఆవిడ దాన్ని గూట్లో పడెయ్యబోతుంటే ఎడం చెయ్యి చాపి, "టికెట్టు" అన్నాడు. ఇచ్చింది. కవరు పళ్ళతో చించి, కాగితం ఒళ్ళో పరుచుకుని, మొదటి వరస మీద వేలు పెట్టాడు. పెదాలు ఆడాయి. "పా... పాల... కేంద్రం" అన్నాడు.

సూది వేలికి దిగిన సంగతి కాజాలమ్మకి చాలాసేపటి దాకా తెలియలేదు.

రోజూ డ్యూటీ దిగాక టికెట్ల లెక్క వరసవరసగా సరిచూసిన మనిషి. ఆ వేలికీ నాలుకకీ మధ్య పాత దారి ఏదో ఇంకా పూడిపోకుండా ఉంది. పేరు, తారీఖు, అంకె చదివి, వేలితో రెండుసార్లు తట్టి, ఆవిడ వంక చూసేవాడు. మందుల షాపుకి రెండుసార్లెందుకు వెళ్ళావని ఆ తట్టుడికి అర్థం. ఆవిడ సంజాయిషీ మొదలుపెట్టేది, మధ్యలో దెప్పేది. ఆయన హోల్డాన్ అనేవాడు. ఆవిడ ఆగేది కాదు. ఒక్క కాగితంతో పదిహేను రోజుల కాపురం నడిచేది.

కాగితం మీద వరసలు ఎక్కువుంటే ఆయన నోట మాటలు ఎక్కువ వస్తాయని కాజాలమ్మ కనిపెట్టింది. ఆనాటి నుంచి చేతిలో డబ్బుంచుకుని కూడా ప్రతిదీ కార్డు గీకే కొనేది. మూడు దారపు రీళ్ళు కావాలంటే మూడు కొట్లకి వెళ్ళి తలా ఒకటి తెచ్చేది. కోడలు చూసి, అత్తయ్యకి మతి గాని తప్పుతోందా అని మొగుడి దగ్గర అనుమానపడింది.

అలా ఏడాది గడిచాక ఒక నెల కవర్లో స్టేట్‌మెంటుతో పాటు ఉత్తరం కూడా వచ్చింది. కండక్టరుగారు కూడబలుక్కుని చదివారు. ఇకపై మీకు ఈ స్టేట్‌మెంట్ పంపబడును, వివరాలకు బ్యాంకును సంప్రదించండి అని ఉంది. పంపుతామంటే సంతోషమే. కానీ చెప్పకపోతే ఆపేస్తారేమోనని కాజాలమ్మకి గుబులు పుట్టింది. చేతిలో కాగితం పట్టుకుని బ్యాంకుకి వెళ్ళింది.

కౌంటర్లో ఉన్న అమ్మాయి, ఈ-స్టేట్‌మెంట్ ఇమ్మంటారా, మామూలుదా అని అడిగింది.

"మామూలుది ఎవడిక్కావాలి తల్లీ? మాకు ఈ స్టేట్‌మెంటే కావాలి" అని కాజాలమ్మ చేతిలో కాగితం ఊపింది.

మీ వయసువాళ్ళలో ఇంత త్వరగా ఒప్పుకున్నది మీరే ఆంటీ అని ఆ అమ్మాయి మెచ్చుకుని సంతకం పెట్టించుకుంది. ఏదో ఘనకార్యం చేసినట్టు కాజాలమ్మ తలెత్తుకుని ఇంటికొచ్చింది.

మరుసటి నెల కవరు రాలేదు. అయిదో తారీఖు నుంచి కండక్టరుగారు గుమ్మం పక్క కుర్చీలోనే కూర్చున్నారు. పోస్టాయన వస్తే చెయ్యి చాపడం, ఆయన ఏమీ లేదని తలూపి వెళ్ళిపోవడం. బ్యాంకులో ఇచ్చిన నంబరు కోడలిదే. పన్నెండో తారీఖున ఆ పిల్ల తన ఫోను చూసి, స్టేట్‌మెంటు ఇందులోకే వచ్చేసింది కదత్తయ్యా అంది. అప్పుడు బయటపడింది గుట్టు. 'ఈ' అంటే ఇదిగో ఇది అని కాదట. ఇంగ్లీషు అక్షరమట. ఫోన్లో వచ్చేదని దానర్థమట.

కోడలు నవ్వాపుకోలేకపోయింది. కాజాలమ్మ నవ్వలేదు. "కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అది సామెతనుకున్నానే ఇన్నాళ్ళూ" అంది. కోడలి నవ్వు అక్కడే ఆగిపోయింది. మామయ్య మాటలు ఆ కాగితం మీద బతుకుతున్నాయని, మూడు రీళ్ళకి మూడు కొట్లెందుకో, ఆ పిల్లకి అప్పుడు తెలిసింది.

ఫోనే ఆయన చేతికిచ్చి చూశారు. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. ఆయన వరస మీద వేలు పెట్టగానే వరస పైకి పారిపోయింది. "హోల్డాన్" అన్నాడు. ఆగలేదు. మళ్ళీ వేలు పెట్టాడు. "హోల్డాన్, హోల్డాన్" అన్నాడు. ఎన్ని బస్సులు ఆపిన మాట అది. అరచేతిలో పట్టే వస్తువు దగ్గర చెల్లలేదు. ఫోను బోర్లా పెట్టేసి గోడ వైపు తిరిగాడు.

కోడలు ఆఫీసులో అచ్చు తీసి తెచ్చింది. ఆయన తిరగేసి చూశాడు. కవరు లేదు, మూలన బ్యాంకు బొమ్మ రంగుల్లో లేదు. జీవితమంతా దొంగ టికెట్లు పట్టుకున్న చెయ్యి. ఒక్క వేలితో వెనక్కి నెట్టేసింది.

వారం తిరిగేసరికి టికెట్టు అనడం కూడా తగ్గింది. కాజాలమ్మ కావాలని ఆయన మజ్జిగలో ఉప్పెక్కువ వేసింది, హోల్డాన్ అంటాడేమోనని. మారు మాట్లాడకుండా తాగేశాడు. ఆ రోజు ఆవిడ కుట్టిన ఏడు కాజాల్లో మూడు వంకర పోయాయి.

బ్యాంకుకి మళ్ళీ వెళ్ళింది. కాగితం ఆపడానికి ఖాతాలో ఉన్న ఇద్దరిలో ఎవరి సంతకమైనా చాలట గానీ, తిరిగి తెప్పించుకోవాలంటే ఖాతాలో మొదటి పేరున్న మనిషే వచ్చి చెప్పాలట. మొదటి పేరు ఆయనది. సంతకం చెయ్యలేడంటే, పోనీ నోటితో చెప్తే వేలిముద్ర తీసుకుంటామన్నారు.

నోటితో చెప్పగలిగితే ఇంత రభస ఎందుకు?

ఆటో ఎక్కించి తీసుకెళ్ళింది. దారి పొడుగునా కాగితం అనే మాట నేర్పించింది. ఆయన కా, కా అంటుంటే ఆటో అతను అద్దంలోంచి చూశాడు. "ముందు చూసి నడుపు నాయనా, ఈయన నీకంటే ఎక్కువ రోడ్డు చూశాడు" అంది. ఆవిడ అసలు భయం వేరే ఉంది. కొత్తవాళ్ళు ఏమడిగినా మర్యాదకి రైట్ రైట్ అనేస్తాడు. ఇక్కడా అలాగే అంటే కథ అయిపోయినట్టే.

బ్యాంకులో టోకెను చీటీ ఆయన చేతికిచ్చారు. నంబరు వచ్చింది. ఆ అమ్మాయే ఉంది. ఈసారి మీరు మాట్లాడకండి ఆంటీ, ఆయన్నే చెప్పనివ్వండి అంది. కాజాలమ్మ కొంగు తీసి పళ్ళ మధ్య పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అంతసేపు నోరు మూసుకున్నది ఆ రోజే.

"తాతగారూ, ఈ-స్టేట్‌మెంటే ఉంచమంటారా?"

"రై..." అన్నాడాయన.

కాజాలమ్మ కొంగు ఇంకా గట్టిగా కొరికింది. ఆయన ఆగాడు. చేతిలో టోకెను చీటీ వంక చూశాడు. దాని వీపు నిమిరాడు. బొటనవేలి గోటితో అంచున చిన్న గాటు పెట్టాడు, బస్సులో వేలసార్లు పెట్టినట్టే. ఆ చీటీ అమ్మాయి ముందుకి తోశాడు.

"హోల్డాన్" అన్నాడు. బ్యాంకంతా వినపడింది. వరసలో ఉన్నవాళ్ళు నిజంగానే ఆగిపోయారు. "టికెట్టు" అన్నాడు. ఎడం చెయ్యి చాపి అలాగే ఉంచాడు.

ఆ అమ్మాయి చీటీని, గాటుని, చాపిన చేతిని చూసింది. రోజూ బస్సులో ఉద్యోగానికొచ్చే పిల్ల.

"కాగితమే పంపమంటారా?"

"రైట్ రైట్."

వేలిముద్ర తీసుకుంది. కాగితం పంపినందుకు నెలనెలా కొంత రుసుము పడుతుందని చెప్పింది. పడనీ అంది కాజాలమ్మ, కొంగు వదిలి.

ఆరో తారీఖున కవరొచ్చింది. పళ్ళతో చించాడు. పాల కేంద్రం, మందుల షాపు, దారాల కొట్టు, మళ్ళీ దారాల కొట్టు, మళ్ళీ దారాల కొట్టు. ఆఖరి వరస దగ్గర వేలు ఆగింది. "కాగితం... రుసుము" అని చదివి రెండుసార్లు తట్టాడు.

"ఆ కాగితం పంపినందుకే. మీ నోటి మీద వేసిన పన్ను" అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆయన కాసేపు ఆ అంకె వంకే చూశాడు. పెదాలు కూడుకున్నాయి, విడిపోయాయి.

"దం... దండగ" అన్నాడు.

ఆ మాట కాగితం మీద లేదు. బస్సులోదీ కాదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఏం కొన్నా ఆయన అన్న మాట అది. విన్నప్పుడల్లా ఒంటికాలి మీద లేచేది. కాజాలమ్మ సూది కింద పెట్టింది.

"ఏమన్నారు? మళ్ళీ అనండి."

"దండగ."

వంటింట్లోంచి కోడలు గరిటెతో సహా బయటికొచ్చి నిలబడింది. కాజాలమ్మ లేచి, చెప్పులేసుకుని, కార్డు చేత్తో పట్టుకుంది. ఆ రోజు దారం నాలుగు కొట్లలో కొంది.