పుత్తూరు రోడ్డులో నన్ను తొక్కనివ్వలేదు

నేను తిరుపతిలో డ్రిల్లు మాస్టర్ని. వానాకాలంలో పిల్లలకు హైజంప్ ఎలా చేయాలో చూపించబోయి ఎడమ కాలు విరగ్గొట్టుకున్నాను. మా వైపు కాలు విరిగినా చెయ్యి విరిగినా పోయేది పుత్తూరుకే. నన్నూ అక్కడికే మోసుకుపోయి కట్టు కట్టించారు. చలి తగ్గేసరికి కట్టు విప్పేశారు. ఎముక అతికింది గాని భయం వదల్లేదు. ఆ కాలి మీద బరువు మోపాలంటే, విరిగినప్పుడు విన్న చప్పుడు మళ్లీ చెవిలో వినిపించేది. కుంటుతూనే బడికి పోతున్నాను. మా హెడ్మాస్టరు గారు మంచివాడే. ఆ మంచితనంతోనే, "జూన్ నుంచి ఆఫీసులో కూర్చుని ఫీజులు రాసుకోండి, గ్రౌండుకు ఇంకొకర్ని పెడదాం. ఈ నెలాఖరు లోపల ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు. నాకు గ్రౌండు తప్ప ఇంకో బతుకు తెలియదు. ఆ మాట విన్న రాత్రి అన్నం సయించలేదు.

మా ఆవిడే ఉపాయం చెప్పింది. "సైకిలు తొక్కండి. పూలు సూసుకుంటా పోతే కాలు సంగతి మరిసిపోతారు" అంది. పూలు చూసే వయసా నాది? అయినా రోజూ పొద్దున్నే అలిపిరి దాకా తొక్కాను. తొక్కానంటే కుడి కాలు తొక్కేది, ఎడమ కాలు పెడలు మీద కూర్చుని షికారు చేసేది. ఇలా కాదని ఒక ఆదివారం, ఫాల్గుణం చివర్లో, పుత్తూరు దాకా పోయి రావాలని పంతం పట్టాను.

ఐదున్నరకు బయలుదేరి ఏడు కావస్తుండగా రేణిగుంట చేరాను. స్టేషను ఎదుట నాలుగు ఇడ్లీలు తిని, ఎడమ కాలు మోపే పని లేకుండా కల్వర్టు గోడ ఎక్కి సైకిలు మీద కూర్చుని, పుత్తూరు రోడ్డు పట్టాను. మా ఆవిడ మాట నిజమేనని అక్కడ ఒప్పుకోవాల్సి వచ్చింది. కానుగ చెట్ల కింద రోడ్డంతా పూలు రాలి ఉన్నాయి. తోటల్లోంచి మామిడి పూత వాసన. దూరంగా గుట్టల మీద ఒక్క ఆకు లేకుండా ఎర్రగా మోదుగలు. నాకు ఈల వేయాలనిపించింది.

ఆ సంతోషం అరగంట కూడా నిలవలేదు. అటే చెరుకు బండి తోలుకుపోతున్న ఒక రైతు నా కాలు చూశాడు.

"కట్టుకేనా అప్పా?"

"కాదు. కట్టు ఎప్పుడో విప్పేశారు. ఊరికే తొక్కుతున్నాను."

"ఊరికే యాడన్నా తొక్కుతారా? ఎక్కు, బండిలో ఎక్కు."

ఎక్కనన్నాను. అతను ఎడ్లను అదిలించి, మైలు దూరం నా పక్కనే వచ్చి ఏం తినకూడదో చెప్పాడు. వంకాయ, గుమ్మడికాయ, చేపలు. అతన్ని దాటిపోదామంటే నా ఎడమ కాలికి ఆ ఓపిక లేదు.

ఆ తర్వాత బస్సొచ్చింది. చెయ్యెత్తకుండానే ఆగింది. కండక్టరు దిగాడు.

"పుత్తూరుకే కదా సామీ? కాలు సూస్తేనే తెలస్తా ఉండాది. ఎక్కండి."

"నేను సైకిలు తొక్కుకుంటూనే పోవాలయ్యా!"

"టిక్కెట్టుకు లేక సిగ్గుపడతా ఉన్నాడు, పాపం" అన్నాడు కిటికీలోంచి ఎవరో. అంతే, నలుగురు దిగారు. సైకిలు బస్సు పైకి పోయింది, నేను బస్సు లోపలికి పోయాను, నా టిక్కెట్టు డబ్బులు కండక్టరు సంచిలోకి పోయాయి. నాకు సీటు ఇచ్చిన ముసలామె, "మా కోడలికి సెయ్యి ఇరిగితే ఆడికే పోయినాము నాయనా, ఇప్పుడు రోలు కూడా ఎత్తుతాది" అని మొదలుపెట్టింది. దిగుతానంటే ఎవరూ వినలేదు. నేను చూడాలనుకున్న పూలన్నీ ఒక తమలపాకుల గంప వెనకనుంచి గిర్రున పోతున్నాయి. వడమాలపేట దగ్గర అరిచాను. కండక్టరు, "నొప్పికి అరస్తా ఉన్నాడు, తొందరగా పోనీ" అని డ్రైవరుకు చెప్పాడు.

పుత్తూరులో దిగాక కూడా వదల్లేదు. ఒకాయన నా సైకిలు, ఇంకొకాయన నా రెక్క పట్టుకుని నేరుగా కట్టు కట్టే వాళ్ల వాకిట్లో నిలబెట్టారు. కట్టు కట్టిన పెద్దాయన నన్ను గుర్తుపట్టి, కాలు తడిమి, "బాగుండాది కదా, మళ్లా ఎందుకొచ్చినావు?" అని విసుక్కున్నాడు. సైకిలు తీసుకుని బయటపడ్డాను.

ఎండ తగ్గేదాకా ఒక హోటల్లో భోజనం చేసి, అక్కడి బల్ల మీదే కునుకు తీసి, మూడున్నరకు వెనక్కి బయలుదేరాను. వడమాలపేట దాటాక నా కుడి కాలు చచ్చిపోయింది. ఎదురుగాలి. పొద్దున పట్టిన పంతమంతా పోయింది. ఎవరైనా ఎక్కించుకుంటే చాలనుకున్నాను. ఒక ఖాళీ బండి ఆపితే తోలే ఆయన, "పుత్తూరు నుంచే కదా? అయితే నయమైపోయింటాది, తొక్కు" అని నవ్వుతూ పోయాడు. లారీ ఆగలేదు. పొద్దున నా కాలు మీద ఊరూరా ఉన్న జాలి సాయంత్రానికి ఎక్కడికి పోయిందో!

అంతలో వెనకనుంచి పొద్దుటి బస్సే వచ్చింది. రెండు చేతులూ ఊపాను. కండక్టరు తలుపులోంచి వంగి, "కట్టిచ్చుకొని వచ్చేసినావు కదప్పా! ఇంకేం, తొక్కు, తొక్కు!" అని విజిలేశాడు. బస్సు ఆగలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. వద్దంటే ఎక్కించి, కావాలంటే వదిలేస్తాడా? నోటికొచ్చినట్టు తిడుతూ వెంటపడ్డాను. టిక్కెట్టు డబ్బులిమ్మని కేకలు వేశాను. బస్సు అందుతుందా? మలుపు తిరిగి దుమ్ము వదిలి పోయింది.

అప్పుడు చూసుకున్నాను. నేను సీటు మీద లేను. రెండు పెడళ్ల మీదా నిలబడి ఉన్నాను. ఇన్నాళ్లూ షికారు చేసిన నా ఎడమ కాలు ఒళ్లంతటి బరువూ మోసి తొక్కింది. ఏ చప్పుడూ రాలేదు. కానుగల కింద సైకిలు ఆపి, కావాలనే ఆ కాలే నేలకు ఆనించాను. నిలబడింది. ఇంకా తిట్టాలని నోరు తెరిస్తే తిట్టు రాలేదు, ఏడుపొచ్చింది.

ఈ దారిన పూలు చూడాలనుకునేవాళ్లు ఫాల్గుణం చివర్లో, ఎండెక్కకముందే రేణిగుంట దాటండి. కుంటుతూ మాత్రం పుత్తూరు వైపు పోకండి, ఎక్కించేస్తారు. అలిసిపోయి పుత్తూరు నుంచి రాకండి, ఎక్కించుకోరు. ఇంతకంటే చెప్పడానికి నాకు ఓపిక లేదు.

తిరుపతి చేరేసరికి వీధి దీపాలు వెలిగి చాలాసేపైంది. మా వీధి దాటుకుని తిన్నగా హెడ్మాస్టరు గారి ఇంటికి పోయాను. తలుపు తీసిన ఆయన, "ఏం మాస్టారూ, ఈ వేళప్పుడు?" అన్నాడు.

"ఆఫీసుకు ఇంకొకర్ని చూసుకోండి" అన్నాను.