మావయ్యగారికి చెప్పని బిల్లు

మొన్న విస్సన్నపేటలో మా ఆడపడుచు తరఫు పెళ్ళికి వెళితే, తెలిసినావిడ ఒకరు నన్ను పక్క కుర్చీలో కూర్చున్నావిడకి పరిచయం చేస్తూ, "ఈవిడేనండీ, చట్టాలు రాసేవారు" అంది. రిటైరయ్యానని నేను చెప్పేలోపే ఆ రెండో ఆవిడ, "అయితే ఈ హెల్మెట్ల గొడవంతా మీదేనన్నమాట" అని నావైపు గుర్రుగా చూసింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకిది అలవాటే. ఏం రాయాలో చెప్పేది వేరేవాళ్ళు, ఎలా రాయాలన్నదే మా పని అని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మరు. బట్ట రంగు బాగాలేదని దర్జీని నిలదీసినట్టుంటుంది. అలా నమ్మనివాళ్ళలో అందరికన్నా ముందుండేవారు మా మావయ్యగారు. భోజనాల దగ్గర చిన్నరసాల పళ్ళు వడ్డిస్తుంటే ఆ వాసనకి ఆయనే గుర్తొచ్చారు. ఆయన పోయాక వచ్చిన మొదటి మామిడిపళ్ళ కాలం ఇది.

సచివాలయంలో న్యాయశాఖలో బిల్లుల ముసాయిదాలు రాసే ఉద్యోగం నాది. ఏదో ఒక శాఖ తనకేం కావాలో చెబుతుంది. దాన్ని సెక్షన్లుగా విడగొట్టి, "అయితే"లూ "తప్ప"లూ తగిలించి, రేపు కోర్టులో ఎవరూ వేలు పెట్టడానికి సందు లేకుండా రాయాలి. ఆ జబ్బు ఇంట్లోకీ పాకింది. మావారు ఆదివారాలు సరదాపడి వండిన కూర ఎలా ఉందని నన్నడగడం ఏనాడో మానేశారు. బాగుందంటే సరిపోయేదానికి వెనకాల ఒక మినహాయింపు చేరుస్తానట. ఇంకో జబ్బు నోరు మెదపకపోవడం. బిల్లు సభలో పెట్టేదాకా అందులో ఏముందో బయట ఎవరికీ చెప్పకూడదు. మావయ్యగారికి మాత్రం నా ఉద్యోగమంటే మహా గొప్ప. చాట్రాయి వైపు ఆయనకున్న మామిడితోటకి కాయ బేరానికి ఎవరొచ్చినా, ధర మాట్లాడేముందు "మా కోడలు చట్టాలు రాస్తుంది" అని ఒక మాట వేసేవారు. దానివల్ల ధర పెరిగిందో లేదో నాకు తెలీదు.

ఆ తోటని ఒకతను చాలా ఏళ్ళుగా నోటిమాట కౌలుకి, పంటలో వాటా మీద చేస్తుండేవాడు. దుక్కి దున్నడం, పూతమీద మందు కొట్టించడం, కోతులు రాకుండా కాపలా, అన్నీ అతనూ అతని భార్యే. ఏటా ఆఖరి కోత అయ్యాక మావయ్యగారు అతన్ని పిలిచి "వచ్చే ఏడు కూడా నువ్వే చూసుకోరా" అనేవారు. కాగితం లేదు, సంతకం లేదు. ఒక వేసవిలో, కౌలుదార్లకి హక్కులిచ్చే బిల్లు ఒకటి వస్తోందని పుకారు లేచింది. నిజానికి ఆ బిల్లు నా బల్లమీదే ఉంది. సెలవుపెట్టి కోతలకి వెళ్ళేసరికి, మావయ్యగారి తమ్ముడు మైలవరం నుంచి వచ్చి కూర్చుని ఉన్నారు. చట్టం రాకముందే ఆ కౌలుదారుని పంపించేయమనీ, వచ్చాక కదల్చలేమనీ ఆయన సలహా. "ఇంట్లోనే చట్టం రాసే మనిషిని పెట్టుకుని, ఊళ్ళో వాళ్ళని అడుగుతావేంటన్నయ్యా?" అన్నారు.

షెడ్డులో కాయ గ్రేడు చేయిస్తూ మావయ్యగారు నన్నడిగారు. "ఏమ్మాయ్, ఆ బిల్లు వస్తుందా?"

లేదంటే అబద్ధం, అవునంటే తప్పు, ఊరుకుంటే అవునన్నట్టే. "అలాంటి బిల్లు ఉన్నా, లేకపోయినా నేను చెప్పకూడదు మావయ్యగారూ" అన్నాను. ఆయన కాసేపు నా మొహం చదవడానికి చూసి, "పోనీ, చాట్రాయికి విమానాలు దింపే బిల్లేమన్నా ఉందా?" అన్నారు. అదీ చెప్పకూడదన్నాను. ఆయన నవ్వలేదు. ఆ పూట నుంచి నాతో మాట్లాడటం మానేశారు. భోజనాల దగ్గర పెద్దరసం పండు కూడా మా అత్తగారి చేత నా కంచంలో వేయించేవారు. తమ్ముడు మాత్రం, అమ్మాయి కౌలుదార్ల పక్షమనీ, అందుకే దాస్తోందనీ ఎక్కించడం మానలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాట్లాడనందుకు కాదు, నేను రాసిన వాక్యాలకి భయపడి ఆ కౌలుదారుని పంపించేస్తారేమోనని.

ఆఖరి కోత ముందురోజు సాయంత్రం, గంపలు సర్దుతున్న కౌలుదారు భార్య నా దగ్గరకొచ్చి కూర్చుంది. కాసేపు పళ్ళ మీద సొన తుడుస్తూ ఉండి, "మాకేదో చట్టం వస్తదంట గదమ్మగారూ. మమ్మల్ని తీసేస్తారేమోనని మా ఆయన అన్నం తినట్లేదు. వస్తదా అండీ?" అంది. ఒక్క మాట చెబితే ఆవిడ ఆ రాత్రి నిద్రపోతుంది. మరునాడు ఆ మాట ఊరంతా తిరిగి మావయ్యగారి చెవిన పడుతుంది. "నేను చెప్పకూడదమ్మా" అన్నాను. ఆవిడ తలూపి లేచి వెళ్ళిపోయింది. నా ఉద్యోగం మీద నాకే అసహ్యం వేసిన రోజు అదొక్కటే. కాయల రాశికి అవతల మావయ్యగారు నిలబడి ఉన్నారని, ఆయన గొంతు సవరించుకునేదాకా నేను చూసుకోలేదు.

మర్నాడు కోత ముగిసింది. కౌలుదారు తువ్వాలు చేత్తో పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. తమ్ముడు మళ్ళీ ఏదో చెప్పబోతే మావయ్యగారు చెయ్యి అడ్డంపెట్టి, "అమ్మాయి వాళ్ళకీ చెప్పలేదురా. తెలియనిదానికి భయపడి తెలిసిన మనిషిని ఎట్లా పంపిస్తాం?" అన్నారు. తర్వాత అటు తిరిగి, "వచ్చే ఏడు కూడా నువ్వే చూసుకోరా" అని కేకేశారు. ఆ మధ్యాహ్నం పండు ఆయన చేత్తోనే నా కంచంలో వేశారు. తమ్ముడు పళ్ళ బుట్ట కూడా తీసుకోకుండా బస్సెక్కారు.

తర్వాత అసెంబ్లీ సమావేశాలు వచ్చాయి, పోయాయి. ఎవరి ప్రాధాన్యాలు మారాయో ఏమో, ఆ ఫైలు అటకెక్కింది. కౌలుదారు మాత్రం ఏటా ఆ మాట వింటూనే, ఓపిక ఉన్నన్నాళ్ళూ తోట చేశాడు. నేను రిటైరయిన వారం మావయ్యగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అప్పుడు ఏం రాశావో ఇప్పుడన్నా చెప్పమన్నారు. అటకెక్కిన ఫైలుకి ఇక దాపరికమెందుకని, ఏళ్ళ తరబడి తోట చేసినవాణ్ణి సరైన కారణం లేకుండా తీసేయకూడదని రాశానని చెప్పాను. "అప్పుడే చెప్పుంటే ఆ సాయంత్రమే పంపించేసేవాణ్ణమ్మాయ్" అన్నారాయన.

ఆ బిల్లు ఏ సమావేశాల్లోనూ సభకి రాలేదు. మా తోటలో మాత్రం ఎన్నో వేసవులు అమల్లో ఉంది.